నాలుగో దుకాణం తెరిచే ముందు

రాజమండ్రి

చిరంజీవి అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన కాగితాలు అందాయి. మొదటిసారి గబగబా చదివేశాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని, పక్కన తెల్లకాగితం పెట్టుకుని చదివాను. భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెంలో ఉన్న మీ మూడు దుకాణాలూ వచ్చే సంక్రాంతికల్లా పన్నెండు అవ్వాలని, సగం డబ్బు బ్యాంకు ఇస్తుందని, సగం ఆ హైదరాబాదు ఆయన పెడతానన్నారని రాశావు. తక్కువ ధరకి మంచి సరుకు అంటే గోదావరి జిల్లాల్లో మీ పేరే చెప్పుకోవాలన్నది నీ కోరిక. అందులో తప్పేమీ లేదు. ఒక్క షట్టరుతో మొదలుపెట్టి, బిల్లు కౌంటర్లో నువ్వే కూర్చుని, ఇవాళ పాతికమందికి జీతాలిస్తున్నావు. మీ అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో.

అయినా సంతకం పెట్టకు. ఎప్పటికీ వద్దనడం లేదు. ఈ ఉత్తరం చదివి, నేను చెప్పిన లెక్క నీ చేత్తో నువ్వు వేసుకుని, ఆ తర్వాత నిర్ణయం తీసుకో.

నన్ను ఆపేసింది తొమ్మిదో పేజీ. "కొత్త దుకాణాలకు కావలసిన సరుకు డిస్ట్రిబ్యూటర్ల దగ్గర 30 రోజుల క్రెడిట్ మీద తీసుకుంటాం. ఇప్పుడు సరుకులో ఇరుక్కున్న రొక్కాన్ని అడ్వాన్సులకు, ర్యాకులకు వాడుకుంటాం" అని ఉంది. ఆ మాట నువ్వు రాసింది కాదని నాకు తెలుసు. లెక్కలు బాగా తెలిసినవాళ్ళే రాసి ఉంటారు. కానీ వాళ్ళు ఎప్పుడూ కిరాణా కొట్టులో కూర్చుని ఉండరు.

భీమవరం దుకాణం లెక్కే తీసుకో, నువ్వు పంపిందే. నెలకి 25 లక్షల అమ్మకం. జనానికి ఇచ్చే తగ్గింపులన్నీ పోగా మిగిలే మార్జిన్ నూటికి 12, అంటే 3 లక్షలు. అద్దె 60 వేలు. ఎనిమిది మంది జీతాలు 1 లక్షా 4 వేలు. కరెంటు 35 వేలు. ఆటోలు, సంచులు కలిపి 20 వేలు. ఎక్స్‌పైరీ అయినవి, ఎలకలు కొట్టినవి, చేతివాటం పోయినవి కలిపి 25 వేలు. మొత్తం ఖర్చు 2 లక్షల 44 వేలు. మిగిలింది 56 వేలు.

ఇప్పుడు రెండో లెక్క. ఆ 25 లక్షల అమ్మకానికి నువ్వు కొన్న సరుకు 22 లక్షలు. నువ్వు సరుకు దిగిన రోజే డబ్బు కట్టేస్తావు కాబట్టి డిస్ట్రిబ్యూటర్లు నూటికి 2 రూపాయలు తగ్గిస్తున్నారు. 22 లక్షల మీద అది 44 వేలు. నీ 56 వేల లాభంలో 44 వేలు అక్కణ్ణించి వచ్చినవే! అరువు మొదలుపెట్టిన నెల నుంచి ఆ 44 వేలు రావు. 12 వేలు మిగులుతాయి. ఒక్క ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోయిందంటే ఆ నెల చేతి డబ్బులు పెట్టుకోవాలి.

నెలకి నూటికి 2 అంటే ఏడాదికి 24. ఏ బ్యాంకూ నీ దగ్గర అంత వడ్డీ వసూలు చెయ్యదు. ఆ రొక్కం ఇరుక్కుపోయి ఉందని వాళ్ళు అన్నారు చూడు, మీ మూడు దుకాణాల్లో అన్నిటికన్నా ఎక్కువ సంపాదిస్తున్నది అదే. తక్కువకి అమ్మాలంటే తక్కువకి కొనాలి. తక్కువకి కొనాలంటే డబ్బు వెంటనే కట్టాలి. ఆ డబ్బు తీసుకెళ్ళి ఇంకో ఊళ్ళో ఎవరిదో బిల్డింగుకి అడ్వాన్సు కడితే, రేపు మీరు దేంతో తక్కువకి అమ్ముతారు?

ఈ దారిలో నీకన్నా ముందు ఒకాయన నడిచారు. తక్కువ ధరల దుకాణాలు, సుభిక్ష పేరు వినే ఉంటావు. అది మూతపడేనాటికి నువ్వు హైస్కూల్లో ఉన్నావు, కాబట్టి లోపలి సంగతులు నీకు తెలిసే అవకాశం లేదు. నాకు మాత్రం అది మొదటి నుంచీ చివరి దాకా కళ్ళముందు జరిగిన కథ. నేను కూడా ఆ వ్యాపారంలోనే ఉన్నాను కాబట్టి పేపర్లో ఎక్కడ ఆ పేరు కనిపించినా వదలకుండా చదివేవాణ్ణి.

ఐఐటీ మద్రాసులో, అహ్మదాబాదు ఐఐఎంలో చదువుకున్న ఆర్. సుబ్రమణియన్ 1997లో చెన్నైలోని తిరువాన్మియూరులో మొదటి దుకాణం తెరిచారు. 2001లో మా చిన్నాన్న కూతురి పెళ్ళికి చెన్నై వెళ్ళినప్పుడు పనిగట్టుకుని వెళ్ళి చూసొచ్చాను. ఏసీ లేదు, హంగూ ఆర్భాటం లేదు. పెద్ద రోడ్డు మీద ఎక్కువ అద్దెకి కాకుండా ఇళ్ళ మధ్య చిన్న చిన్న దుకాణాలు పెట్టేవారు. పప్పూ ఉప్పూ ఎమ్మార్పీ కన్నా తక్కువ. మందులైతే నూటికి 10 తగ్గింపు. పెన్షన్ మీద బతుకుతూ నెలనెలా బీపీకీ షుగరుకీ మాత్రలు కొనుక్కునే పెద్దవాళ్ళకి ఆ 10 రూపాయలు ఎంత పెద్ద విషయమో నీకు చెప్పక్కర్లేదు. ఆ కౌంటరు ముందు చీటీలు పట్టుకుని నిలబడ్డ ముసలివాళ్ళని చూసి, వ్యాపారమంటే ఇలా చెయ్యాలి అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ అంటాను. ఆ మొదటి సుభిక్ష మంచి దుకాణం.

దాని కిటుకు కూడా నీదే. కంపెనీలకి త్వరగా డబ్బు కట్టి, తక్కువకి కొని, ఆ తగ్గింపునే జనానికి ఇచ్చేవారు. 2000లో ఐసీఐసీఐ వెంచర్ అనే పెట్టుబడి సంస్థ డబ్బు పెట్టింది. అయినా దాదాపు తొమ్మిదేళ్ళు తమిళనాడు దాటి పెద్దగా అడుగుపెట్టలేదు. దుకాణాలు 150 ప్రాంతంలో ఉండేవి. ఎవరింట్లోనైనా కందిపప్పు అయిపోతే కాలినడకన వెళ్ళి తెచ్చుకునేంత దగ్గరగా ఉండేవి.

2006 నుంచి మారిపోయింది. ఢిల్లీ, ముంబై, గుజరాత్, కర్ణాటక, మన ఆంధ్ర, అన్నిచోట్లా ఒకేసారి తెరవడం మొదలుపెట్టారు. రిలయన్స్ లాంటి పెద్దవాళ్ళు ఈ వ్యాపారంలోకి దిగుతున్న రోజులవి. వాళ్ళకన్నా ముందు మనమే జాగా పట్టేయాలన్న తొందర అందరిలోనూ ఉండేది. పప్పుల పక్కన సెల్‌ఫోన్లు కూడా పెట్టారు. 2008 చివరికి దుకాణాలు 1,600 దాటాయి. అమ్మకాలు ఏడాదికి 2,000 కోట్లు దాటాయి. ఆ ఏడాదే విప్రో అజీమ్ ప్రేమ్‌జీ పెట్టుబడి సంస్థ 230 కోట్లు పెట్టి పదో వంతు వాటా కొంది. ఆ వార్త చూసి నేను కూడా ఇక వీళ్ళకి తిరుగులేదనుకున్నాను. తర్వాత నిదానంగా చదివితే అర్థమైంది. ఆ వాటా ఐసీఐసీఐ వెంచర్ అమ్ముకున్నది. 230 కోట్లూ దానికే వెళ్ళాయి. దుకాణాల గల్లాలోకి అందులో ఒక్క రూపాయి రాలేదు. నీ కాగితాల్లో ఇన్వెస్టరు పెట్టే డబ్బు ఎవరి చేతికి వస్తుందో, ఏ తేదీన వస్తుందో పెన్సిలుతో గీత గీసి చూసుకో. నాకు ఆ తేదీ ఎక్కడా కనపడలేదు.

అంత పెద్ద ఎత్తున దుకాణాలు పెరిగింది ఎక్కువగా అప్పు మీద. వాటాలు అమ్మి డబ్బు తెద్దామని, షేర్ మార్కెట్లోకి వెళదామని అనుకుంటూనే ముందు దుకాణాలు తెరిచేశారు. 2008 సెప్టెంబరులో అమెరికాలో లీమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది. ఎవరి దగ్గరా డబ్బు పుట్టని పరిస్థితి వచ్చింది. వస్తాయనుకున్న డబ్బులు రాలేదు. 2009 జనవరికల్లా చేతిలో రొక్కం అయిపోయిందని, బయటపడాలంటే 300 కోట్లు కావాలని కంపెనీయే చెప్పుకోవలసి వచ్చింది. అద్దెలు ఆగాయి, జీతాలు ఆగాయి, సరుకు ఆగింది. జీతాలందక కాపలావాళ్ళు వెళ్ళిపోతే కొన్నిచోట్ల దుకాణాలు లూటీ అయ్యాయి. బ్యాంకుల బాకీ 700 కోట్ల పైమాటే. పన్నెండేళ్ళు కట్టిన పేరు కొన్ని నెలల్లో షట్టర్ల వెనక్కి వెళ్ళిపోయింది.

అప్పట్లో అందరూ మాంద్యం దెబ్బ అన్నారు. నేను ఒప్పుకోను. మాంద్యంలో జనం బియ్యం, పప్పు కొనడం మానెయ్యలేదు. ఇంకా చెప్పాలంటే తక్కువకి ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కున్న రోజులవి. తక్కువకి అమ్మే దుకాణానికి అది పండగ కావాలి. కానీ ర్యాకులో సరుకుంటే కదా! సరుకు కొనవలసిన డబ్బు అడ్వాన్సులుగా, బోర్డులుగా, కంప్యూటర్లుగా, వడ్డీలుగా మారిపోయింది. నా ఉద్దేశంలో సుభిక్ష ప్రాణం తీసింది అదే.

నిలబడ్డవాళ్ళని కూడా చూడు. రాధాకిషన్ దమానీ గారు డీమార్ట్ మొదటి దుకాణం 2002లో ముంబైలోని పవాయ్‌లో తెరిచారు. 2017లో ఐపీఓకి, అంటే మొదటిసారి జనానికి షేర్లు అమ్మడానికి వెళ్ళేనాటికి, పదిహేనేళ్ళలో 130 ప్రాంతంలో దుకాణాలు. సుభిక్ష రెండున్నరేళ్ళలో తెరిచినదాంట్లో పదో వంతు కూడా కాదు. వీలైనంత వరకు సొంత స్థలాల్లో కట్టుకున్నారు. ఒక ప్రాంతం పూర్తిగా చేతికి వచ్చాకే పక్క ప్రాంతానికి వెళ్ళారు. సరుకిచ్చినవాళ్ళకి వారం పది రోజుల్లో డబ్బు కట్టేస్తారని పేరు. తక్కువ ధర ఎక్కణ్ణించి వస్తోందో ఇక నేను చెప్పక్కర్లేదు. కలకత్తాలో చిన్న బట్టల కొట్టుతో మొదలైన విశాల్ కథ ఇంకో రకం. 2007లో షేర్ మార్కెట్లోకి వెళ్ళింది, అప్పుల్లో కూరుకుపోయి 2011 ప్రాంతంలో 70 కోట్లకి చేతులు మారింది. విశాల్ మెగా మార్ట్ పేరు ఇప్పుడు బాగానే నడుస్తోంది, 2024 డిసెంబరులో మళ్ళీ ఐపీఓకి కూడా వెళ్ళింది. పెట్టినాయన చేతిలో మాత్రం అది లేదు. మన హైదరాబాదు త్రినేత్ర సూపర్ మార్కెట్లని బిర్లావాళ్ళు కొని మోర్ చేసింది నీకు తెలిసిందే.

ఇక నా సంగతి. నీకు సగమే తెలుసు. మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1999లో రాజమండ్రిలో నాకు రెండు దుకాణాలుండేవి. రెండూ బాగా నడిచేవి. 2001లో చెన్నై నుంచి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. పద్దెనిమిది నెలల్లో రావులపాలెం, అమలాపురం, కాకినాడ, సామర్లకోట, తునిలో తెరిచాను. ఏడు దుకాణాలు. డబ్బు రెండు చీటీలు పాడి కొంత, మీ అత్తయ్య నగలు పెట్టి కొంత, మిగతాదంతా డిస్ట్రిబ్యూటర్ల అరువు. వాళ్ళు నన్ను పదేళ్ళుగా చూస్తున్నవాళ్ళు. "మీకేంటండీ, మెల్లగా ఇవ్వండి" అన్నారు. ఆ మాటే నా కొంప ముంచింది. అప్పిచ్చేవాడు గట్టిగా అడిగితే మనం జాగ్రత్తగా ఉంటాం. మర్యాదగా ఇస్తే లెక్క తప్పుతాం.

మొదట స్కీములు పోయాయి. పది పెట్టెలకి ఒక పెట్టె ఫ్రీ అన్న సరుకు రొక్కం కట్టేవాళ్ళకి వెళ్ళిపోయేది. తర్వాత సేల్స్‌మన్లు ఆర్డర్లకి రావడం తగ్గించారు. పాత బిల్లు క్లియర్ చేస్తే గానీ కొత్త బిల్లు వెయ్యొద్దని పైనుంచి చెప్పారని, తలొంచుకుని చెప్పేవాళ్ళు పాపం. ఆ తర్వాత ర్యాకులు.

తుని దుకాణంలో ఒక సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. లోపలికి వెళ్ళగానే ర్యాకులన్నీ నిండుగా ఉన్నాయి, మనసు కుదుటపడింది. సబ్బుల దగ్గర ఒక పెట్టె చేతిలోకి తీసుకున్నాను. దాని వెనక ఏమీ లేదు, ఇనప రేకు కనిపించింది. పక్క పెట్టె తీశాను, అదీ అంతే. మన కుర్రాళ్ళు ఉన్న సరుకంతా ముందుకు లాగి ఒక్క వరుస పేర్చారు. నేను బాధపడతానని చేశారు. టూత్‌పేస్టు దగ్గర రెండు ఖాళీల్లో అగ్గిపెట్టెల బండిళ్ళు పెట్టి నింపారు. అలా నిలబడి ఉండగానే ఒక పెద్దావిడ వచ్చారు, రిటైరైన టీచరమ్మ. చేతిలో చీటీ. మినపగుళ్ళు ఉన్నాయి, నూనె లేదు. పంచదార ఉంది, ఆవిడ వాడే టీపొడి లేదు. పది వస్తువుల్లో నాలుగు దొరికాయి. బుట్టలో పెట్టుకుని కౌంటరు దాకా వచ్చి ఆగిపోయారు. "మిగతా ఆరింటికీ ఎలాగూ బజారుకి వెళ్ళాలి కదా బాబూ, ఇవి కూడా అక్కడే తీసుకుంటాలే" అని, నాలుగూ జాగ్రత్తగా ఎక్కడివక్కడ పెట్టేసి వెళ్ళిపోయారు.

అమ్మడూ, ఆ మాట మర్చిపోకు. ఆరు వస్తువులు లేకపోతే ఆరింటి అమ్మకమే పోతుందని మనం అనుకుంటాం. పదీ పోతాయి. మనిషి కూడా పోతుంది. ఎంత తక్కువ ధర బోర్డు పెట్టినా లేని నూనెకి ధర ఎంతైతే ఏం? ఆవిడ మళ్ళీ రాలేదు.

2003లో ఐదు దుకాణాలూ మూసేశాను. దానవాయిపేటలో ఉన్న స్థలం అమ్మి ముందు పనివాళ్ళ జీతాలిచ్చాను. సంక్రాంతి పది రోజులుందనగా సామర్లకోట కుర్రాడొకడు వచ్చి, "జీతం మొత్తం అక్కర్లేదండీ, చెల్లికి పరికిణీ కొనేంత ఇస్తే చాలు" అన్నాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు. ఒక డిస్ట్రిబ్యూటరుకి ఇవ్వాల్సిన 1 లక్షా 80 వేలు తీర్చడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆయన కూతురి పెళ్ళి ఆ మధ్యలోనే జరిగింది. నా డబ్బు అంది ఉంటే ఆయన అప్పు చెయ్యాల్సిన పని ఉండేది కాదు. ఒక దుకాణం చితికితే నష్టం దాని యజమానిది ఒక్కడిదే అనుకోకు. సరుకిచ్చినవాడు, బిల్డింగు ఇచ్చినవాడు, తూకం వేసే పిల్ల, అందరి ఇళ్ళలోనూ పొయ్యి మీదకి వస్తుంది.

అందుకే ఇప్పుడు చెప్పేవి పట్టించుకో.

సరుకు కొనే రొక్కానికి వేరే బ్యాంకు ఖాతా పెట్టు. మూడు దుకాణాల సరుకుకి ఎంత కావాలో అంత అందులో ఎప్పుడూ ఉండాలి. అందులోంచి అద్దె కట్టకు, ర్యాకు కొనకు, కారు వాయిదా కట్టకు. అల్లుడికి కూడా గట్టిగా చెప్పు. ఆ ఖాతాలో ఒక నెల తగ్గిందంటే ఎందుకు తగ్గిందో ఇద్దరూ కూర్చుని తేల్చుకున్నాకే మిగతా పని.

కొత్త దుకాణం మిగిలిన లాభంతో తెరువు. మూడు దుకాణాల మీదా ఏడాదికి 20 లక్షలు మిగులుతున్నాయి. కొత్తదానికి అడ్వాన్సు, ర్యాకులు, సరుకు, మొదటి ఆర్నెల్ల నష్టం కలిపి 40 లక్షలని నువ్వే రాశావు. అంటే రెండేళ్ళకి ఒకటి. ఇది విని నీకు ఉసూరుమనిపిస్తుందని తెలుసు. కానీ నాలుగోది నిలబడితే ఆ తర్వాతది ఇంకాస్త త్వరగా వస్తుంది. అప్పు చెయ్యొద్దని కూడా అనను. అప్పు చేస్తే స్థలం మీద చెయ్యి, బిల్డింగు మీద చెయ్యి. అవి రేపు అమ్ముకుంటే డబ్బొస్తుంది. వాడిన ర్యాకులు అమ్మడానికి వెళ్ళి చూడు, పాత ఇనప సామానుకి తూకం వేస్తారు. నేను తూకానికే అమ్మాను.

నాలుగోది ఎక్కడ అంటావా, నీ జాబితాలో ఒంగోలు, శ్రీకాకుళం ఉన్నాయి. తీసెయ్యి. పాలకొల్లో, నిడదవోలో, ఆకివీడో చూడు. తణుకులో ఎక్కువైన సరుకు పొద్దున్నే ఆటోలో వేస్తే తలుపులు తీసేసరికి చేరాలి. నువ్వు చెప్పకుండా వెళ్ళి నిలబడగలిగేంత దూరంలో ఉండాలి. నాకు తుని వెళ్ళి రావడానికి ఒక రోజు పట్టేది. అందుకే నెలకి ఒకసారి వెళ్ళేవాణ్ణి. నేను వచ్చే రోజు అక్కడివాళ్ళకి ముందే తెలిసిపోయేది.

ధరల విషయంలో నువ్వు నాకన్నా తెలివైనదానివే, అయినా ఒక మాట. అన్నిటి మీదా తగ్గించకు. ఆడవాళ్ళకి నలభై, యాభై వస్తువుల ధరలు నోటికి వచ్చి ఉంటాయి. కందిపప్పు, పామాయిలు, సన్‌ఫ్లవర్ నూనె, పంచదార, ఇడ్లీరవ్వ, బట్టల సబ్బు, టీపొడి, పిల్లల బిస్కెట్లు. వాటిలో మాత్రం ఊళ్ళో ఎవరికన్నా నీ దగ్గర రూపాయి తక్కువ ఉండాలి, ఎప్పుడూ నిండుగా ఉండాలి. దువ్వెనకీ, ప్లాస్టిక్ డబ్బాకీ, ఏలకులకీ ధర ఎవరూ గుర్తు పెట్టుకోరు. నీ మార్జిన్ అక్కడ రావాలి. మీ తాడేపల్లిగూడెం దుకాణంలో దీనికి తలకిందులుగా ఉంది. ప్లాస్టిక్ సామాను మీద నూటికి 30 తగ్గింపు బోర్డు పెట్టారు, కందిపప్పు మాత్రం పక్క కొట్టు కన్నా 4 రూపాయలు ఎక్కువ. అది చూసి వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు నీకు బిల్లుల్లో కనపడరు.

మూడు నెలల జీతాలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, ఆ కాగితం నేను అత్తయ్యకిచ్చినట్టు ఎవరికైనా ఇచ్చి మర్చిపో. అద్దె ఒప్పందంలో దుకాణం నడవకపోతే మూడు నెలల నోటీసుతో ఖాళీ చేసే వీలుండాలి. నువ్వు పంపిన నమూనాలో ఐదేళ్ళ లాక్-ఇన్ ఉంది, అంటే ఐదేళ్ళ దాకా ఖాళీ చెయ్యడానికి వీల్లేదు. నడవని దుకాణానికి ఐదేళ్ళు అద్దె కట్టడమంటే ఏమిటో నీకు చెప్పలేను. ఇక ఆ ఇన్వెస్టరు కాగితంలో పద్నాలుగో క్లాజు, మీరిద్దరూ వ్యక్తిగత పూచీ ఇవ్వాలన్నది. దాని కింద మీ అత్తగారి ఇల్లు కూడా రాశారు. లాభం వస్తే పంచుకునే మనిషి నష్టం వస్తే కూడా పంచుకోవాలి. ఆయన డబ్బుకి మీ ఇల్లు పూచీ అయితే అది పెట్టుబడి కాదమ్మా, అప్పే. ఆ క్లాజు తీసేస్తారా అని అడుగు. ఆయన ఏమంటాడో విన్నాక సగం సంగతి నీకే తెలుస్తుంది.

బిల్లింగ్ సాఫ్ట్‌వేరు గురించి అడిగావు. ఏదైనా పర్వాలేదు. రోజూ చూసేదైతే చాలు.

సాఫ్ట్‌వేరులో కనపడనిది ఒకటుంది. కిందటి నెల పెళ్ళికి తణుకు వచ్చినప్పుడు, మీరెవరూ లేని టైములో దుకాణంలోకి వెళ్ళాను. నీకు చెప్పలేదు. నీ ముఖం చూసి చెప్పాలనిపించలేదు. సబ్బులు, మసాలా పొడుల ర్యాకుల దగ్గర సరుకు ముందుకు లాగి ఒక వరుస పేర్చి ఉంది. చెయ్యి వెనక్కి పెట్టి చూశాను. నాలుగు వేళ్ళూ రేకుకి తగిలాయి. బహుశా ఆ రోజు లోడు రాలేదేమో. అదే అయితే నాకన్నా సంతోషించేవాడు ఉండడు. కానీ నాలుగో దుకాణం కోసం ఎక్కడైనా అడ్వాన్సు ఇప్పటికే కట్టేసి, ఆ డబ్బు సరుకులోంచి తీసి ఉంటే, నాతో దాచకు. తిట్టను. దాన్నెలా వెనక్కి తెచ్చుకోవాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం.

శ్రావణమాసం రద్దీ మొదలవకముందే ఒక రోజు రా. మూడు దుకాణాల కొనుగోలు బిల్లులు, డిస్ట్రిబ్యూటర్ల బాకీల లిస్టు తీసుకురా. ప్రాజెక్టు రిపోర్టు అక్కర్లేదు, నా దగ్గర ఉంది. అల్లుడికి వీలైతే ఆయన్ని కూడా తీసుకురా, ఆ మాటలు ఆయన కూడా వినాలి. అత్తయ్య పనసపొట్టు కూర చేసి పెడతానంది.

ఈలోగా ఒక పని చెయ్యి. శుక్రవారం సాయంత్రం ఏడింటికి, జనం ఉన్నప్పుడే, తణుకు దుకాణానికి వెళ్ళు. మేనేజరుకి ముందు చెప్పకు. ఆ నలభై, యాభై వస్తువుల చీటీ చేత్తో రాసుకుని, కొనడానికి వచ్చినదానిలా బుట్ట పట్టుకుని తిరుగు. ప్రతి ర్యాకులోనూ వెనక దాకా చెయ్యి పెట్టి చూడు. ఎన్ని దొరకలేదో లెక్కపెట్టి, ఇంటికి వెళ్ళాక నాకు ఫోన్ చెయ్యి. పదకొండైనా మెలకువగానే ఉంటాను.

ఇట్లు
మీ మావయ్య